"24 గంటల్లో మీ స్క్రిప్టుకి కాపీరైట్" అనే ఏజెంట్లతో జాగ్రత్త

సినిమా కథలు రాసుకునేవాళ్లు, ముఖ్యంగా మొదటి స్క్రిప్టు చేతిలో ఉన్నవాళ్లు, ఇది చదివాకే డబ్బు కట్టండి. ఒక్క రోజులో కాపీరైట్ ఇప్పిస్తామని వేలకు వేలు తీసుకునే ఏజెంట్లు చివరికి చేతిలో పెట్టేది డైరీ నంబర్. అది అప్లికేషన్ అందిందనడానికి రసీదు మాత్రమే. ఆ తర్వాత అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగి తీరాలి. ఆపైన ఎగ్జామినర్ చూస్తారు, లోపాలుంటే డిస్క్రెపెన్సీ లెటర్ పంపుతారు. ఫారంలో ఏజెంట్ తన మెయిల్ ఐడీ ఇచ్చుకుంటే ఆ లెటర్ మీ కంట పడదు. జవాబు వెళ్లక ఫైలు అక్కడే ఆగిపోతుంది.

స్క్రిప్టు సాహిత్య రచన కిందికి వస్తుంది. ప్రభుత్వ ఫీజు 500 రూపాయలు. 5,000 అని చెబితే నమ్మకండి, అది తీసిన సినిమాకి కట్టే ఫీజు. కాపీరైట్ ఆఫీసు సైట్‌లో ఫారం 14 మీరే నింపుకోవచ్చు.

డబ్బు పోవడం చిన్న నష్టం. అసలు ప్రమాదం సంతకాల్లో ఉంది. పవర్ ఆఫ్ అటార్నీతో పాటు ఇచ్చే కాగితాల్లో ఎక్కడైనా హక్కులు బదిలీ చేస్తున్నట్టు ఒక్క వాక్యం ఉన్నా సంతకం పెట్టొద్దు. 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం బదిలీ రాతలో ఉండాలి, ఇచ్చేవారి సంతకం ఉండాలి. ఏజెంట్‌కి కావలసినవి ఆ రెండే. ఫారంలో దరఖాస్తుదారు, రచయిత, యజమాని గళ్లు మూడింటిలోనూ మీ పేరే ఉందో లేదో సబ్మిట్ చేయకముందే చూసుకోండి.

సింగిల్ లైన్, అంటే ఒకటి రెండు మాటల్లో చెప్పే కథ ఐడియా, రిజిస్టర్ చేయిస్తామనేది ఇంకో బేరం. ఐడియాకి కాపీరైట్ లేదని సుప్రీంకోర్టు 1978లోనే ఆర్.జి. ఆనంద్ కేసులో తేల్చింది. సీన్లు, డైలాగులతో సహా పూర్తి స్క్రిప్టే పెట్టండి. నిజానికి రాసిన క్షణం నుంచే హక్కు మీది, రిజిస్ట్రేషన్ దానికి సాక్ష్యం. రచయితల సంఘంలో చేసే నమోదు కూడా ఫలానా తేదీకి కథ మీ దగ్గర ఉందని చూపేదే. నెరేషన్‌కి, అంటే నిర్మాతకి కథ చెప్పడానికి, వెళ్లేముందు సినాప్సిస్ (కథ సారాంశం) ఆయన ఆఫీసుకి మెయిల్‌లో పంపండి. మీ కథ వాళ్లకి చేరిందని రుజువు చేయాల్సి వస్తే ఆ మెయిలే పనికొస్తుంది.

ఇప్పటికే డబ్బు కట్టినవాళ్లు డైరీ నంబర్ అడిగి తీసుకుని, సైట్‌లో స్టేటస్ చూడండి. నింపిన ఫారం కాపీ కూడా అడగండి. పేరు వేరేవాళ్లదైతే 30 రోజుల్లోపు మీరే అభ్యంతరం రాసి పంపండి. రిజిస్టర్‌లోకి ఎక్కిపోయాక దాన్ని సరిచేయించాలంటే 50వ సెక్షన్ కింద హైకోర్టుకి వెళ్లాలి.