పాళీ కలం, నల్ల ఇంకు: మూడేళ్లు వాడాక

కార్టూన్లు కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి ఇంకులో ముంచి గీసే పాళీ కలం పనికొస్తుందా అని ఈ మధ్య ముగ్గురు నలుగురు అడిగారు. ఒక్క ముక్కలో చెప్పలేక ఇది రాస్తున్నాను. పాళీల్లో ఎన్ని రకాలు, హోల్డరు ఎలా పట్టుకోవాలి లాంటివి షాపులో అడిగినా చెప్తారు, వీడియోల్లోనూ కావలసినన్ని ఉన్నాయి. నేను చెప్పదలుచుకున్నది ముఖ్యంగా ఇంకు గురించి. ఆ చిన్న బుడ్డిలోని నల్ల సిరా మా ఇంట్లో చేసిన పని నేను మర్చిపోలేను.

2023 జనవరిలో మా విజయవాడ ఏలూరు రోడ్డులో కొన్నాను. చెక్క హోల్డరు ఒకటి, పాళీలు నాలుగు, వాటర్‌ప్రూఫ్ అని రాసి ఉన్న డ్రాయింగ్ ఇంకు బుడ్డి. అప్పటిదాకా జెల్ పెన్నుతో వేసేదాన్ని. మందుల హోల్‌సేల్ షాపులో లెక్కలు చూస్తాను కాబట్టి పొద్దంతా కంప్యూటరే. రాత్రి మా బాబు పడుకున్నాక నాకు మిగిలేది గంటో గంటన్నరో. ఆ కాస్త టైము కూడా స్క్రీన్ ముందు కూర్చోవడం నావల్ల కాదు. ట్యాబ్ జోలికి పోకపోవడానికి కారణం అదొక్కటే, దాని మీద నాకు వేరే కోపమేం లేదు.

మొదటి వారం ఏడుపొక్కటే తక్కువ. ఇంకు పాళీకి అంటేది కాదు, చుక్కలు చుక్కలుగా జారిపోయేది. గీత మొదలయ్యీ అవకముందే తెగిపోయేది. ఇంకు మంచిది కాదేమో అనుకున్నాను. తుప్పు పట్టకుండా కొత్త పాళీలకి నూనె పూత పూసి ఉంచుతారని తర్వాత తెలిసింది. సబ్బునీళ్లతో కడిగి, పాత నూలుగుడ్డతో గట్టిగా తుడిచి ముంచితే ఇంకు పాళీ నిండా పరుచుకుంది. ఈ ఒక్క మాట కొన్నరోజే ఎవరైనా చెప్పి ఉంటే వారం కలిసొచ్చేది.

ఇక గీత సంగతి. జెల్ పెన్ను గీత మొదట్నుంచి చివరిదాకా ఒకటే లావు. పాళీకి మధ్యలో చీలిక ఉంటుంది. నొక్కితే ఆ రెండు కాళ్లూ విడిపోయి ఇంకు ఎక్కువ దిగుతుంది, గీత లావెక్కుతుంది. చెయ్యి తేలిక చేస్తే మళ్లీ వెంట్రుకంత సన్నమవుతుంది. రైతుబజారు నుంచి కూరల సంచీ మోసుకొస్తున్న పెద్దాయన బొమ్మ వేశానొకసారి. జెల్ పెన్నుతో వేసినప్పుడు ఆ సంచీలో ఉన్నది కూరలో, దూదో తెలిసేది కాదు. పాళీతో సంచీ అడుగున ఒక్కచోట నొక్కి గీశాను. అంతే, సంచీకి బరువొచ్చింది. ఆయన భుజం కూడా ఒకపక్కకి వాలినట్టు కనిపించింది, భుజం గీత నేనేమీ మార్చకపోయినా. ఆ రాత్రి పన్నెండు దాటేదాకా సంచీలే వేస్తూ కూర్చున్నాను.

ఆ సంతోషంలో మొదటి ఆరు నెలలూ కనిపించినవాళ్లందరికీ పాళీయే కొనుక్కోమని చెప్పాను. ఇప్పుడు అంత గట్టిగా చెప్పను. పాళీని మనవైపు లాగితే వెన్నలా వస్తుంది. పైకి తోస్తే కాగితం పీచులో గుచ్చుకుని, ఇంకు తుంపర్లు చిమ్ముతుంది. కాబట్టి చేతిని కాకుండా కాగితాన్ని తిప్పుకోవడం అలవాటవ్వాలి. నాకు నాలుగు నెలలు పట్టింది. జిరాక్స్ కాగితం మీద ఇంకు పాకిపోతుంది. కార్ట్రిడ్జ్ షీటో ఐవరీ షీటో లాంటి మందపాటి కాగితం కావాలి, అది అదనపు ఖర్చు. మా ఊరి ఎండాకాలంలో ఇంకో బాధ ఉంది. మే నెలలో ఫ్యాన్ కింద కూర్చుంటే రెండు గీతలు గీసేలోపు పాళీ మీద ఇంకు ఎండి పెచ్చు కడుతుంది. ఫ్యాన్ ఆపితే చెమట చుక్క బొమ్మ మీద పడుతుంది. పక్కన నీళ్ల గిన్నె పెట్టుకుని రెండు నిమిషాలకోసారి ముంచి తుడుచుకోవలసిందే.

ఇప్పుడు అసలు విషయం. అప్పట్లో మేం సింగ్‌నగర్‌లో కింద వాటాలో ఉండేవాళ్లం. 2024 ఆగస్టు 31 శనివారం రోజంతా వాన. ఆ రాత్రి వాన చప్పుడు వింటూ గొడుగు కింద నిలబడ్డ ఇద్దరి బొమ్మ వేసి, టేబుల్ మీదే వదిలేసి పడుకున్నాను. ఆదివారం బుడమేరు వాగు పొంగి వీధిలోకొచ్చింది. చీలమండ దాకా ఉన్న నీళ్లు చూస్తుండగానే నడుం దాకా వచ్చాయి. బాబుని, సర్టిఫికెట్ల సంచీని, బియ్యం డబ్బాని ఎత్తుకుని పైన ఓనరుగారి వాటాలోకి వెళ్లిపోయాం. బొమ్మలు నాకు గుర్తు రాలేదు. బీరువా కింది అరలో ప్లాస్టిక్ కవర్లో పెట్టిన కట్ట, ఏడాదిన్నర పని అంతా అందులోనే ఉంది.

పైన ఎన్నాళ్లున్నామో, పాల ప్యాకెట్ల కోసం పడవల వైపు ఎలా చేతులూపామో ఆ పేటవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటిందని ఎవరికో ఫోన్లో తెలిస్తే మేడ మీద అందరం మాట్లాడకుండా నిలబడిపోయాం. నీళ్లు తీశాక కిందికి దిగితే ఇల్లంతా బురద. బీరువా తలుపు ఉబ్బి రాలేదు, మావారు గడ్డపారతో తెరిచారు. కవర్లోకి నీళ్లు వెళ్లాయి. డెబ్భై షీట్లు ఒకదానికొకటి అతుక్కుని తడిసిన ఇటుకలా ఉన్నాయి.

పారేద్దామనే అనుకున్నాను. ఇంట్లో పారేయాల్సినవే వీధి దాకా పేరుకుని ఉన్నాయి. ఎందుకో మనసొప్పక ఆ కట్టని మంచినీళ్ల టబ్బులో పెట్టాను. కాసేపయ్యాక పై షీటు అంచు వదులైంది. రెండు చేతులతో మెల్లగా లేపాను. బురద నీళ్లు జారిపోయాయి. కింద గీత ఉంది. నల్లగా, వేసిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది. వేలితో రుద్దాను, కదల్లేదు. ఆ సంచీ మోసే పెద్దాయనే. నేను అక్కడే బురదలో కూలబడి ఏడ్చేశాను. ఫ్రిజ్ పోయింది, మంచం పోయింది, అప్పటిదాకా ఏడుపు రాలేదు నాకు.

డెబ్భైలో నలభయ్యారు దక్కాయి. మిగతావి కాగితమే చిరిగిపోయి పోయాయి, ఇంకు తప్పు కాదు. మేడ మీద తీగకి బట్టల క్లిప్పులతో ఆరేశాను. అప్పుడు కనిపించింది అసలు నష్టం. మాటలు లేవు. పాళీతో తెలుగు అక్షరాలు రాయడానికి భయపడి బెలూన్లలో మాటలు, కింద కాప్షన్లు అన్నీ ఫౌంటెన్ పెన్నుతో నీలం ఇంకులో రాసేదాన్ని. అవన్నీ లేత నీలం మరకలై పోయాయి. స్కెచ్ పెన్నుతో వేసిన రంగులూ అంతే. తీగ పొడవునా నోళ్లు తెరుచుకున్న మనుషులు, తలల మీద ఖాళీ బెలూన్లు.

ఎందుకలా అయిందో తర్వాత అర్థమైంది. ఫౌంటెన్ పెన్ను ఇంకు నీళ్లలో కరిగే రంగు, మళ్లీ నీళ్లు తగిలితే మళ్లీ కరుగుతుంది. ఈ నల్ల ఇంకులో ఉండేది మసి. సన్నటి మసిని లక్క లాంటి బంకతో కలుపుతారు, ఆ బంక ఒకసారి ఆరిందంటే నీళ్లకి లొంగదు. ఈ ఇంకు ఫౌంటెన్ పెన్నులో పోయకూడదనేది కూడా అందుకే. లోపల ఎండి పట్టేస్తే ఆ పెన్ను ఇక పనికిరాదు.

ఓనరు పిన్నిగారు బట్టలు తీసుకోవడానికి మేడ మీదకొచ్చి ఒక్కో బొమ్మా చూసుకుంటూ నడిచారు. ఒకచోట ఆగి నవ్వారు. ఆ వారం రోజుల్లో ఆ ఇంట్లో ఎవరైనా నవ్వడం అదే మొదలు. కరెంటు పోయి ఫ్యాను ఆగిపోతే, ఒకాయన కుర్చీ ఎక్కి ఆ ఫ్యానుకి విసనకర్రతో విసురుతున్న బొమ్మ అది.

“దీనికింద ఏదో రాశాను పిన్నిగారూ, చెరిగిపోయింది” అన్నాను.

“ఇంకా ఏం రాస్తావమ్మా, అంతా కనిపిస్తూనే ఉందిగా” అన్నారు.

నేను రాసింది “పాపం, దానికి మాత్రం ఉక్కపోయదూ!” అని. ఆ మాట ఆ బొమ్మకి అనవసరం. పిన్నిగారు వెళ్లాక నలభయ్యారూ మళ్లీ మొదట్నుంచి చూశాను. మాటల్లేకుండా నిలబడినవి తొమ్మిది. మిగతా వాటిలో బొమ్మ ఊరికే నిలబడి ఉంది, పనంతా మాటతోనే చేయించాను. రెండేళ్లు కార్టూన్లు నేర్చుకుంటున్నాననుకుంటూ నేను నిజానికి జోకులు రాసి పక్కన మనుషుల్ని గీస్తున్నానని ఆ తీగ దగ్గరే తెలిసింది. అప్పట్నుంచి ఏ బొమ్మయినా ముందు మాట లేకుండా వేసి మావారికి చూపిస్తాను. ఆయనకి అర్థమైతే మాట తీసేస్తాను.

ఇంత పొగిడాను కాబట్టి మిగతాదీ చెప్పాలి. వాటర్‌ప్రూఫ్ అన్నది అన్నిచోట్లా నిజం కాదు. నీడల కోసం నీళ్లు బాగా కలిపి పల్చగా పూసిన బూడిదరంగు కొన్ని షీట్లలో వదిలేసింది. నీళ్లు ఎక్కువైతే బంక పలచబడి పట్టు పోతుంది. టేబుల్ మీద వదిలేసిన ఆ శనివారం బొమ్మలో సన్న గీతలు ఉన్నాయి కానీ, గొడుగుకి దట్టంగా నింపిన నలుపు షీటంతా పాకింది. ఆ ముసురుకి అది పూర్తిగా ఆరి ఉండదు. గీతకి గంట చాలు, దట్టమైన నలుపుని వానాకాలంలో కనీసం ఒక రోజు ముట్టుకోకండి.

బుడ్డి మీద రాసిందల్లా నమ్మకండి కూడా. వరద తర్వాత ఇంకో షాపులో కొన్న వేరే బుడ్డి మీద కూడా వాటర్‌ప్రూఫ్ అనే ఉంది. వారం ఆరిన గీత మీద తడి వేలు పెడితే నల్లగా అంటుకొచ్చింది. తిరిగి తీసుకెళ్తే మూత తీసింది వెనక్కి తీసుకోం అన్నారు. బొమ్మలు పోగొట్టుకుని వచ్చానని చెప్పినా వినలేదు, అది నాకు చాలా బాధేసింది. అప్పట్నుంచి ఏ బుడ్డి కొన్నా మొదటి రాత్రి అడ్డదిడ్డంగా నాలుగు గీతలు గీసి, మర్నాడు కుళాయి కింద పెట్టి చూశాకే బొమ్మకి వాడుతున్నాను.

పాళీలకి మాత్రం నీళ్లే శత్రువు. వరదలో మునిగినవన్నీ తుప్పు పట్టి విరిగిపోయాయి. మామూలు రోజుల్లో కూడా కడిగి తుడవకుండా పడుకుంటే తెల్లారేసరికి చీలిక దగ్గర ఎర్రటి మచ్చ. నాకు ఒక్కో పాళీ రెండు మూడు నెలలకి మించి రావట్లేదు. చెయ్యి బరువున్నవాళ్లకి ఇంకా తొందరగా కాళ్లు వంగిపోతాయి.

అక్షరాలు కూడా ఇప్పుడు పాళీతోనే రాస్తున్నాను. భయం పోవడానికి ఎనిమిది నెలలు పట్టింది. తెలుగు అక్షరంలో నిలువు గీతలు తక్కువ, అంతా గుండ్రం. సున్నా సగంలో పాళీ పైకి తిరగాలి, అక్కడే గుచ్చుకుంటుంది. అందుకని సున్నాని రెండు ముక్కలుగా, రెండూ పైనుంచి కిందికి లాగి కలుపుతాను. తలకట్టు చివర కొంచెం నొక్కి వదిలితే అక్షరానికి ఒక ఊపు వస్తుంది. బాపుగారి చేతిరాత మీద కంప్యూటర్ ఫాంట్లు రావడం అందరికీ తెలుసు. ఆ అక్షరాలకి బొమ్మతో చుట్టరికం ఎక్కడుందో చేత్తో రాయడం మొదలుపెట్టాకే నాకు కొంచెం తెలిసింది. ఇంకో చిన్న సంగతి, మాట ముందు రాసి తర్వాత దాని చుట్టూ బెలూను గీయండి. ముందు బెలూను గీస్తే చివరి పదం ఇరుక్కుంటుంది.

కొనాలా అంటే, నేను కొనమనే అంటాను, కానీ నాది నా సంగతి. రాత్రిపూట కదలకుండా కూర్చోవడానికి ఒక టేబుల్ దొరికింది, బాబుకి తొమ్మిదేళ్లు, బుడ్డి తన్నే వయసు దాటింది. పాకే పిల్లలున్న ఇంట్లో ఈ ఇంకు పెట్టమని చెప్పలేను, బట్టలకి అంటితే పోదు. బస్సులో, ఆఫీసు విరామంలో వేసుకునేవాళ్లకి ట్యాబే నయం. కుంచె బాగా నడిచే చెయ్యి ఉంటే పాళీ అక్కర్లేదు కూడా, కార్టూనిస్టు ఆర్.కె. లక్ష్మణ్ గారు ఎక్కువగా కుంచెతోనే వేసేవారు. అసలు ముఖం, చెయ్యి ఇంకా కుదరనివాళ్లు ఆర్నెల్లు పెన్సిలు, బాల్ పెన్నుతో వేసి అప్పుడు కొనండి. అలా చేసి ఉంటే నాకు చాలా షీట్లు మిగిలేవి. పాళీ రకం మీ ఇష్టం, ఇంకు మాత్రం కుళాయి కింద నిలబడేదే తీసుకోండి.

ఇప్పుడు రెండో అంతస్తులో ఉంటున్నాం. ఖాళీ బెలూన్లలో గుర్తున్న మాటలన్నీ నల్ల ఇంకుతో మళ్లీ రాశాను. మూడింటికి మాత్రం ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. ఒకదాంట్లో కుళాయి దగ్గర ఇద్దరు ఆడవాళ్లు, ఒకామె బిందె దించి చెయ్యి చూపిస్తూ ఏదో అంటోంది, రెండో ఆమె కళ్లు పెద్దవి చేసి వింటోంది. కింద మూల బురద మరక అలాగే ఉంది. దాన్ని ఫ్రేము కట్టించి టేబుల్ ఎదురుగా పెట్టుకున్నాను. ఆమె ఏమందో రోజూ ఒకసారి ఆలోచిస్తాను.