బ్యాంకు కౌంటర్లో కూర్చునేవాళ్లు చదవాల్సిన పుస్తకం: రాస్ ఆండర్సన్ ‘సెక్యూరిటీ ఇంజనీరింగ్’

నేను తెనాలిలో ఒక బ్యాంకు బ్రాంచిలో పనిచేస్తాను. నాలుగేళ్ల కిందట ఒక రిటైర్డ్ టీచరమ్మగారు పాస్‌బుక్ పట్టుకుని వచ్చారు. అర్ధరాత్రి రెండుసార్లు, పదేసి వేలు ఏటీఎంలో తీసినట్టు ఎంట్రీలు. కార్డేమో ఆవిడ పర్సులోనే ఉంది. “పిన్ ఎవరికైనా చెప్పారేమో గుర్తు చేసుకోండమ్మా” అన్నాను. ఆవిడ మారు మాట్లాడకుండా పాస్‌బుక్‌ని మళ్లీ ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని, కవరు నోరు రెండు మడతలు వేసి వెళ్లిపోయారు.

కంప్యూటర్ సిస్టమ్‌ల భద్రత గురించి రాసిన ఈ పుస్తకం మూడో ఎడిషన్లో 12వ అధ్యాయం బ్యాంకుల గురించి. చదువుతున్నంతసేపూ ఆవిడే కళ్లముందు మెదిలారు. కేంబ్రిడ్జి ప్రొఫెసర్ ఆండర్సన్ 1990ల మొదట్లో బ్రిటన్‌లో సరిగ్గా ఇలాంటి ఫిర్యాదులే తిరగేశారు. సిస్టమ్‌లో తప్పు జరగదని బ్యాంకుల వాదన. ఇలా డబ్బు కొట్టేయడానికి సంకేత లిపిని ఛేదించే మేధావులెవరూ అక్కర్లేదని 1993లో ఆయన పేపర్ రాశారు. లోపలివాళ్ల చేతివాటం, పోస్టులో మాయమైన కార్డులు, సిస్టమ్ నడపడంలో పొరపాట్లు, అసలు దారులు ఇవే. అప్పట్లో అమెరికాలో రుజువు చేయాల్సింది బ్యాంకు, బ్రిటన్‌లో ఆ భారం కస్టమర్ మీద ఉండేది. నష్టం ఎవరి నెత్తిన పడుతుందో వాళ్లే జాగ్రత్త పడతారన్నది ఆయన జీవితమంతా చెప్పిన మాట. మన రిజర్వు బ్యాంకు 2017 జులై సర్క్యులర్ కూడా కస్టమర్ బాధ్యతను నిరూపించాల్సింది బ్యాంకే అంది. ఆ సర్క్యులర్ నాకు తెలుసు. అలా ఎందుకు పెట్టారో ఇది చదివాకే బుర్రకెక్కింది.

మన ప్రత్యర్థులెవరో చెప్పే రెండో అధ్యాయంలో గూఢచర్యం గురించి ఉంది, అమెరికా నిఘా మీద స్నోడెన్ బయటపెట్టిన సంగతులతో సహా. దానితోపాటు హిమాచల్ ప్రదేశ్‌లోని ధర్మశాల ఊళ్లో ఉన్న దలైలామా ఆఫీసు కంప్యూటర్లలోకి జరిగిన చొరబాటు మీద ఆయన, మరో పరిశోధకుడు శిశిర్ నాగరాజ కలిసి 2009లో ఇచ్చిన రిపోర్టు కూడా చదవండి. దలైలామా ఆఫీసు ఒక విదేశీ దౌత్యవేత్తకు ఆహ్వానం మెయిల్ చేస్తే, ఆ ఆఫీసువాళ్లు ఫోన్ చేసేలోపే చైనా వాళ్లు ఆ దౌత్యవేత్త ఆఫీసుకు ఫోన్ చేసి వద్దని చెప్పారట! తెలిసిన భిక్షువు పంపినట్టే ఉన్న మెయిల్‌లో అటాచ్‌మెంట్ తెరవడమే అక్కడ జరిగిన తప్పు. మా బ్రాంచికీ రోజూ అలాంటి మెయిల్సే వస్తాయి.

నాకు ఆయన మీద గౌరవం పెరిగింది మాత్రం 2010 డిసెంబరు నాటి సంగతితో. చిప్ కార్డుల లోపాల మీద ఒక విద్యార్థి రాసిన థీసిస్‌ని యూనివర్సిటీ వెబ్‌సైట్ నుంచి తీసేయమని బ్రిటిష్ కార్డుల సంఘం అడిగితే, కుదరదని జవాబిచ్చి దాన్ని డిపార్ట్‌మెంట్ రిపోర్టుగా కూడా పెట్టించారు.

పుస్తకం 1,200 పేజీలు దాటింది, బరువు. క్రిప్టోగ్రఫీ (సంకేత లిపి) అధ్యాయం నాకు సగమే ఎక్కింది, వదిలేసి ముందుకెళ్లినా ఇబ్బంది లేదు. ధర ఎక్కువ. పాత రెండు ఎడిషన్లూ ఆయనే ఉచితంగా నెట్‌లో పెట్టారు, ముందు వాటితో మొదలుపెట్టొచ్చు. 2024 మార్చిలో ఆయన పోయారు.

ఇప్పుడు ఎవరైనా “నేను తీయలేదు” అని వస్తే ముందు కుర్చీ చూపించి, ఫిర్యాదు రాయించుకుని, ఆ ఏటీఎం ఫుటేజీ కోసం అదే రోజు లెటర్ పెడుతున్నాను. పిన్ సంగతి ఆ తర్వాతే అడుగుతాను.