రిమోట్ బటన్ కింది దువ్వెనలు: కీక్యాడ్‌తో ఇన్నేళ్లు

పాత రిమోట్ విప్పి చూసినవాళ్లకు తెలిసే ఉంటుంది. రబ్బరు బటన్ కింద బోర్డు మీద రెండు రాగి దువ్వెనలు ఒకదాని పళ్ల మధ్య ఇంకొకటి దూర్చుకుని ఉంటాయి. నొక్కగానే బటన్ అడుగున ఉన్న కార్బన్ బిళ్ల రెండింటినీ కలుపుతుంది. నేను చేసే బోర్డుల్లో సగం ఇలాంటివే కాబట్టి, సర్క్యూట్ బోర్డులు గీసే సాఫ్ట్‌వేర్ కీక్యాడ్‌ను ఈ దువ్వెన కోణం నుంచే చూస్తాను.

నాలుగో వెర్షన్‌లో ప్యాడ్ (బోర్డు మీద భాగం తగిలే రాగి మచ్చ) ఆకారాలు నాలుగే: గుండ్రం, కోలగా ఉండేది, నలుపలక, ట్రెపిజాయిడ్, అంతే. ఒకే నంబరుతో సన్నటి ప్యాడ్లను పక్కపక్కన పేర్చి దువ్వెన అనిపించేవాణ్ణి. 2018లో ఐదో వెర్షన్‌తో కస్టమ్ ప్యాడ్, అంటే మనకు కావలసిన ఆకారంలో గీసుకునేది, వచ్చింది. గీయడం బాగానే ఉండేది గానీ, గీసినదాన్ని సరిదిద్దాలంటే కోఆర్డినేట్ల పట్టికలో అంకెలు మార్చుకోవాలి. ఆరో వెర్షన్ నుంచి ఆ బాధ పోయింది: ప్యాడ్ ఎంచుకుని కంట్రోల్-ఈ కొట్టు, నచ్చినట్టు గీయి, మళ్లీ కంట్రోల్-ఈ.

అసలు చిక్కు యాంకర్ దగ్గరుంది. ప్రతి కస్టమ్ ప్యాడ్‌కూ గుండ్రంగానో నలుపలకగానో ఒక యాంకర్ ఉంటుంది, ట్రాక్ (బోర్డు మీద తీగలా పాకే రాగి గీత) వచ్చి అక్కడే పట్టుకుంటుంది. అది గుర్తు కాదు, అదీ రాగే. మొదట్లో నేను 1 మి.మీ. యాంకర్‌ను పళ్ల మధ్యలో పెట్టి, రెండు దువ్వెనలనూ నా చేత్తోనే షార్ట్ చేశాను. ఇప్పుడు దాన్ని దువ్వెన వెన్ను మీద, వెన్ను వెడల్పుకు మించకుండా పెడతాను.

రెండో దెబ్బ ఇంకా ఖరీదైనది. కొత్త ఎస్‌ఎండీ ప్యాడ్‌కు (రంధ్రం లేకుండా బోర్డు పైనే ఉండేది) పేస్టు లేయర్, అంటే సోల్డర్ పేస్టు పూయాల్సిన చోటు, ముందే టిక్ అయి ఉంటుంది. తీయడం మరిచాను. పేస్టు పూసే రేకు, అదే స్టెన్సిల్, అలాగే కోసి వచ్చింది, 40 బోర్డుల్లో పళ్ల మీద సీసం ముద్దలు. విక్‌తో (సోల్డర్‌ను పీల్చే రాగి అల్లిక) పీల్చేసినా లాభం లేకపోయింది. కరిగిన సోల్డర్ తగిలాక ఎనిగ్ పూతలోని (రాగి మీద నికెల్, దాని మీద పలుచటి బంగారం) బంగారం మిగలదు. తప్పు నాదే, సాఫ్ట్‌వేర్‌ను ఏమీ అనలేను.

కాపర్ పోర్ (ఖాళీ జాగా అంతా రాగితో నింపడం) వేసేవాళ్లు ప్యాడ్ ప్రాపర్టీస్‌లో కాన్వెక్స్ హల్ ఎంచుకోండి. దువ్వెన చుట్టూ రబ్బరు బ్యాండు తొడిగినట్టు హద్దు పడుతుంది, గ్రౌండ్ రాగి సందుల్లోకి చొరబడదు. బటన్ కింద మాస్క్ (రాగిని కప్పే రంగు పూత) మొత్తం తెరిచే ఉంటుంది కనుక డీఆర్‌సీ (డిజైన్‌లో తప్పులు పట్టే తనిఖీ) గోల పెడుతుంది. ఏడో వెర్షన్ నుంచి ఫుట్‌ప్రింట్ (ఒక భాగానికి చెందిన ప్యాడ్ల అమరిక) ప్రాపర్టీస్‌లో దాన్ని అనుమతించే టిక్ ఒకటి ఇచ్చారు. అంతకుముందు ఆ హెచ్చరికలన్నీ చూసీ చూడనట్టు వదిలేసేవాణ్ణి, వాటిలో అసలు తప్పు ఒకటున్నా తెలిసేది కాదు.

నచ్చనిది ఒకటే. పళ్లు ఆరు నుంచి ఎనిమిది చేయాలంటే మళ్లీ మొదటి నుంచి గీయాలి, సంఖ్య మార్చే చోటు లేదు. అదృష్టం కొద్దీ ఫుట్‌ప్రింట్ ఫైలు ఉత్త టెక్స్ట్. పన్ను 0.3 మి.మీ., సందు 0.25 మి.మీ. అని చెబితే ఆ ఫైలు రాసిచ్చే చిన్న పైథాన్ స్క్రిప్టు ఒకటి రాసుకున్నాను. యాంకర్ వెన్ను మీదకే వెళ్తుంది, పేస్టు టిక్ ఉండదు.