రెండు పేపర్లా, ఒక్కటా, ఫోనా? ఇంట్లో వార్తలకు ఏది మేలు?

"ఏ పార్టీకీ కొమ్ము కాయని పేపర్ ఒకటి చెప్పండి, వేయించుకుంటాం." నేను పన్నెండేళ్లు ఒక పత్రిక డెస్కులో సబ్‌ఎడిటర్‌గా పనిచేశానని తెలిసినవాళ్లు అడిగే మొదటి మాట ఇదే. నల్లకుంటలో మా అపార్ట్‌మెంట్‌లోనే ఈ ఏడాది నలుగురు అడిగారు. సాక్షిని 2008లో ఎవరు పెట్టారో, 2011లో వచ్చిన నమస్తే తెలంగాణ ఎవరి పక్షమో, ప్రజాశక్తి, విశాలాంధ్ర ఏ పార్టీలవో, 1982లో ఎన్టీఆర్ పార్టీ పెట్టినప్పుడు ఈనాడు ఎటు నిలబడిందో ఎవరికీ కొత్తగా చెప్పనక్కర్లేదు. అందుకే నేను ఎవరికీ ఫలానా పేపర్ అని చెప్పను. వార్తలు ఇంట్లోకి ఏ దారిన వస్తే మనం తక్కువ మోసపోతామో అది మాత్రం చెప్పగలను.

నా దృష్టిలో చూడాల్సిన సంగతి ఒక్కటే. పత్రిక వదిలేసిన వార్త మన కంట పడే వీలు ఉందా, లేదా? డెస్కులో ఉన్నన్నాళ్లూ నన్ను అబద్ధం రాయమని ఎవరూ అడగలేదు. "దాన్ని లోపలి పేజీకి తొయ్యి", "సింగిల్ కాలమ్ చాలు", "జిల్లా ఎడిషన్‌కు ఇవ్వు, మెయిన్‌లో వద్దు" అన్న మాటలు మాత్రం రాత్రి పదకొండు దాటాక ఎన్నోసార్లు విన్నాను. విని, అలాగే చేశాను. ఆ బాధ ఇప్పటికీ ఉంది. అబద్ధం అచ్చయితే ఎవరో ఒకరు ఖండిస్తారు, నోటీసు పంపుతారు. అచ్చే కానిదాన్ని ఎవరు ఖండిస్తారు? అలాంటి వార్త ఒకటి ఉందని పాఠకుడికి తెలియనే తెలియదు.

2025 ఏప్రిల్‌లో కంచ గచ్చిబౌలి గొడవప్పుడు ఇది మా ఇంట్లోనే చూశాను. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పక్కన ఉన్న 400 ఎకరాల్లో ప్రభుత్వం చెట్లు కొట్టిస్తోందని ఊరంతా అట్టుడికింది. జేసీబీల ముందు నిలబడ్డ నెమళ్లు, జింకల బొమ్మలు ఫోన్లలో తిరిగాయి. వాటిలో కొన్ని ఏఐతో చేసినవని తేలింది, పోలీసులు కేసులు కూడా పెట్టారు. మా అబ్బాయి ఆ బొమ్మలను స్టేటస్‌లో పెట్టుకున్నాడు. మా బాబాయి "చూశావా, అంతా ఫేక్, అక్కడ ఏమీ జరగలేదు" అన్నారు. వారం రోజులు ఇద్దరికీ మాటల్లేవు.

నేను ఆ వారం ఎదురెదురు పక్షాల పేపర్లు రెండు తెప్పించాను. ఒకదాంట్లో ఏఐ బొమ్మల కుట్ర పతాక శీర్షిక. కోర్టు సంగతి లోపలెక్కడో ఉంది. రెండోదాంట్లో కోర్టు మాట మొదటి పేజీ నిండా ఉంది, బొమ్మలు నకిలీవన్న ఊసే లేదు. రెండింటిలోనూ అబద్ధం ఒక్క వాక్యం లేదు. మా బాబాయి చదివేది మొదటిదే, మా వాడు ఫోన్‌లో ఫాలో అయ్యేది రెండో పక్షాన్నే.

అసలు సంగతి ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశంలో ఉంది. హైకోర్టు రిజిస్ట్రార్ స్వయంగా వెళ్లి చూసి ఇచ్చిన నివేదిక ఆధారంగా కోర్టు చెట్ల నరికివేతను ఆపించింది. దాదాపు వంద ఎకరాలు యంత్రాలతో నాశనమైందని, అక్కడ నెమళ్లు, జింకలు కనిపించాయని ఆ నివేదికలో ఉంది. అంటే కొన్ని బొమ్మలు నకిలీవే, చెట్లు పోయిందీ నిజమే. ఈ రెండూ ఒకేసారి నిజం కావచ్చని మా ఇంట్లో ఇద్దరికీ తోచలేదు. ఆ ఆదేశం కోర్టు వెబ్‌సైట్‌లో పైసా ఖర్చు లేకుండా దొరుకుతుంది. మా వాడే డౌన్‌లోడ్ చేసి తాతయ్యకు ఇంగ్లిష్‌లో చదివి, తెలుగులో చెప్పాడు.

ఇక మిగతా దారులు. టీవీ డిబేట్ల గురించి ఎక్కువ చెప్పను. నలుగురు ఒకేసారి అరిచే చోట ఏం వదిలేశారో పట్టుకోవడం అసాధ్యం. వంట చేస్తూ వినడానికైతే ఆకాశవాణి వార్తలు నయం, కాకపోతే అది ప్రభుత్వ గొంతు అన్నది మరవకూడదు.

ఫోన్ సంగతి వేరు. వాట్సాప్ గ్రూపులో మనలాగా ఆలోచించేవాళ్లే ఉంటారు, యూట్యూబ్ మనం నిన్న చూసిన దానికి దగ్గరగా ఉన్నదే ఇవాళ చూపిస్తుంది. ఇష్టం లేని వార్త మన దాకా రావడమే కష్టం. పైగా ఏమైనా అయితే అడగడానికి అక్కడ ఎడిటర్ పేరూ ఉండదు, ప్రింటర్ పేరూ ఉండదు. 2018 మేలో పిల్లల్ని ఎత్తుకుపోతున్నారన్న ఫార్వర్డులు నమ్మి హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో గుంపు ఒక ట్రాన్స్‌జెండర్‌ను కొట్టి చంపింది. అదే ఏడాది జులైలో వాట్సాప్ మన దేశంలో ఫార్వర్డులను ఐదు చాట్లకు పరిమితం చేసింది. అది మేలే గానీ, పోయిన ప్రాణం తిరిగి రాదు.

ఫ్యాక్ట్‌చెక్ సైట్లు వాడండి. ఫ్యాక్ట్లీ, న్యూస్‌మీటర్ రెండూ హైదరాబాద్‌వే, తెలుగులోనూ రాస్తాయి. నకిలీ ఫోటో తేల్చడంలో వాళ్లకు సాటి లేదు. అయితే వాళ్లు చూసేది ఎవరో చెప్పిన మాట నిజమో కాదో అన్నదే. చెప్పని మాటను పట్టుకోవడం వాళ్ల పని కాదు.

అందుకే నా మొగ్గు ఎదురెదురు పక్షాల రెండు పేపర్ల వైపే. ఒకటి దాచింది రెండోది పనిగట్టుకుని వేస్తుంది, ఎందుకంటే అందులో దాని స్వార్థం ఉంది. కానీ రెండూ చదివి చెరి సగం కలిపితే నిజం వస్తుందని అనుకోకండి. కంచ గచ్చిబౌలిలో "ఏమీ జరగలేదు" అన్నదాన్నీ, "వంద ఎకరాలు పోయాయి" అన్నదాన్నీ అలా కలిపి ఉంటే యాభై ఎకరాలు పోయాయని నమ్మేవాళ్లం! రెండూ ఎక్కడ తేడా పడ్డాయో అక్కడ ఆగి, జీవోనో, కోర్టు ఆదేశమో, ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ నివేదికో వెతకాలి. రోజూ కాదు, మనకు పట్టింపు ఉన్న విషయం వచ్చినప్పుడు చాలు.

ఈ పద్ధతికి ఒక పెద్ద లోటు ఉంది. పార్టీలు వేరైనా ప్రకటనలిచ్చేవాళ్లు ఒకరే. కార్పొరేట్ కాలేజీలు, ఆసుపత్రులు, రియల్ ఎస్టేట్ కంపెనీల మీద వచ్చే ఫిర్యాదులు రెండు పేపర్లూ కలిసే వదిలేయగలవు. 2009 ఎన్నికల్లో డబ్బు తీసుకుని వేసిన వార్తలపై, పత్రికల తీరును చూసే ప్రెస్ కౌన్సిల్ ఇద్దరు సభ్యుల కమిటీ వేసింది. అందులో మన తెలుగు పాత్రికేయులు కె.శ్రీనివాసరెడ్డి గారు ఒకరు. పత్రికల పేర్లతో సహా వాళ్లు ఇచ్చిన నివేదికను 2010లో కౌన్సిల్ కుదించి విడుదల చేసింది. పూర్తి నివేదిక బయటపడింది 2011లో, అదీ సమాచార కమిషన్ ఆదేశించాకే. ఇలాంటి చోట సిటీ పేజీలో రిపోర్టర్ పేరుతో వచ్చే చిన్న వార్తలు, ఫిర్యాదు చేసినవాళ్ల నోటి మాట తప్ప నాకు వేరే దారి కనపడలేదు.

రెండు పేపర్ల ఖర్చు భారమైతే, మీకు నచ్చనిదే వేయించుకోండి. నచ్చినదాంట్లోని సంగతులు ఎలాగూ బంధువులు పొద్దున్నే ఫోన్‌కు పంపుతారు. మేము ఇప్పుడు చేస్తున్నది ఇదే. మా ఇంటికి ఒకటి, ఎదురు ఫ్లాట్ మాస్టారి ఇంటికి రెండోది వస్తాయి. ఎనిమిదిన్నరకు మార్చుకుంటాం. మొన్న ఆదివారం మేము ఊరెళ్తే, మా బాబాయే మాస్టారి తలుపు కొట్టి వాళ్ల పేపర్ అడిగి తెచ్చుకున్నారట.