అకిహబారాలో పాత గేమ్ మెషిన్లు కొంటున్నారా? ధర స్టిక్కర్ కింద ఇంకో స్టిక్కర్ ఉందేమో చూడండి

టోక్యో వెళ్ళే మనవాళ్ళలో చాలామంది ఒక పూట అకిహబారాకి పెట్టుకుంటారు. గేములు, యానిమే బొమ్మలు, పాత కన్సోళ్ళు అన్నీ దొరికే పేట అది. నేనూ అలాగే వెళ్ళి 6,800 యెన్లు పోగొట్టుకున్నాను. డబ్బు సంగతి అలా ఉంచితే, ఆ వస్తువు అన్నయ్య కోసం కొన్నది. అందుకే ఎక్కువ బాధేసింది. ఇంకొకరికి ఇలా జరగకూడదని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మా చిన్నప్పుడు విజయవాడలో ఇంట్లో ఒక వీడియో గేమ్ ఉండేది. టీవీకి తగిలించి, క్యాసెట్ పెట్టి, బొమ్మ రాకపోతే తీసి ఉఫ్ అని ఊది మళ్ళీ పెట్టేవాళ్ళం. మీలో చాలామంది ఇళ్ళల్లో కూడా ఉండే ఉంటుంది. నింటెండో 1983లో జపాన్‌లో విడుదల చేసిన ఫామికామ్‌కి అది నకలు అని చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. అసలు మెషిన్ ఒకటి తెచ్చి అన్నయ్య చేతిలో పెట్టాలని అప్పటి నుంచీ కోరిక. మొదటి మోడల్‌కి యాంటెనా కనెక్షన్ ఒక్కటే ఉంటుంది, ఇప్పటి టీవీలతో తంటా. అందుకని 1993లో వచ్చిన, ఏవీ వైర్లతో టీవీకి కలిపే ఏవీ ఫామికామ్ కోసం వెతికాను.

మా అక్కా బావా ఉండేది టోక్యోలోని నిషి-కసాయ్‌లో. తోజాయ్ మెట్రో లైన్‌లో కయాబాచో దాకా వెళ్ళి, హిబియా లైన్ మారితే అకిహబారా. ఆదివారం మధ్యాహ్నం చువో-దోరి రోడ్డు మీద బండ్లు ఆపేస్తారు, జనం రోడ్డు మధ్యలోనే నడుస్తుంటారు. ఆ సందడి నుంచి వెనక సందులోకి తిరిగి, ఇద్దరు పట్టే లిఫ్టులో పైకి వెళ్తే ఒక చిన్న పాత గేముల షాపు. అద్దాల బీరువాలో ఏవీ ఫామికామ్ కనిపించింది. ఒక పక్క పసుపెక్కింది కానీ ఎక్కడా పగుళ్ళు లేవు. మీద పెద్ద పసుపు స్టిక్కర్, 6,800 యెన్లు. మిగతా షాపుల్లో చూసిన రేట్ల కన్నా బాగా తక్కువ. కౌంటర్ అబ్బాయిని "వర్కింగ్? ఓకే?" అని అడిగాను. తలూపి "ఓకే, ఓకే" అన్నాడు. నేను అడిగింది పనిచేస్తుందా అని. అతనికి అర్థమైంది కొంటారా అని కావచ్చు, నాకు తెలియదు. డబ్బు కట్టేశాను.

రాత్రి అక్కావాళ్ళ టీవీకి కలిపితే తెర మీద గీతలు తప్ప ఏమీ రాలేదు. క్యాసెట్ మార్చాం, కాంటాక్టులు దూదితో తుడిచాం, చిన్నప్పటిలాగే ఊదాం కూడా. లాభం లేకపోయింది. మెషిన్ని అటూ ఇటూ తిప్పుతుంటే పసుపు స్టిక్కర్ అంచు కొంచెం లేచి ఉండడం అక్క చూసింది. గోరుతో మెల్లగా లాగింది. కింద నీలం అంచుతో ఇంకో స్టిక్కర్, దాని మీద చేత్తో రాసిన అక్షరాలు. అక్క కూడబలుక్కుని చదివింది: "జంకు... దోసా మికకునిన్... ఒరేయ్, ఇది పాడైపోయిన లెక్కలో పెట్టిన సరుకురా!"

జంకు అంటే ఇంగ్లీషు "జంక్" మాటే, పనిచేస్తుందన్న హామీ లేకుండా అమ్మే సరుకు. అకిహబారాలో అది తిట్టు కాదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత రేడియో విడిభాగాల నల్లబజారుగా పెరిగిన చోటు ఇది. ఇప్పటికీ స్టేషన్ పక్కన రైలు పట్టాల కింద వైర్లు, స్విచ్‌లు, ట్రాన్సిస్టర్లు విడివిడిగా అమ్మే కొట్లున్నాయి. రిపేరు తెలిసినవాళ్ళు జంకు సరుకుని ఏరుకుని మరీ కొంటారు, పార్టుల కోసం. పాడైన వస్తువుని పాడైందని రాసి అమ్మితే దాంట్లో తప్పేమీ లేదు. ఆ మాట మీద ధర స్టిక్కర్ అతికించి అమ్మడం మాత్రం ముమ్మాటికీ తప్పు.

మర్నాడు రెండు స్టిక్కర్లూ పట్టుకుని ఆ షాపుకి వెళ్ళాను. ధర తగ్గించినప్పుడు పైన కొత్తది అంటించామని ఫోన్ ట్రాన్స్‌లేటర్‌లో చెప్పారు. రసీదు అడుగున ఉన్న ఒక లైను వేలితో చూపించారు: హెంపిన్ ఫుకా. వాపసు లేదని దానర్థం. వాళ్ళు గొంతు పెంచలేదు, నేనూ పెంచలేదు, కానీ ఒక్క యెన్ను కూడా తిరిగి రాలేదు. జపాన్‌లో షాపుకి వెళ్ళి మనమే కొన్న వస్తువుకి కూలింగ్-ఆఫ్ హక్కు (కొన్నాక కొద్ది రోజుల్లో మనసు మార్చుకుని వెనక్కిచ్చే హక్కు) వర్తించదని బావ చెప్పాడు. వినియోగదారుల ఫిర్యాదులకి 188 అనే నంబరుంది, అక్కడే ఉండేవాళ్ళయితే ప్రయత్నించండి. నా ఫ్లైట్ ఆ సాయంత్రమే.

కాబట్టి పాత మెషిన్ కొనేముందు ఫోన్ కెమెరాతో స్టిక్కర్‌ని ట్రాన్స్‌లేట్ చేసి చూడండి. ఒకదాని మీద ఒకటి ఉంటే కింద ఏముందో చూపించమని అడగండి. "దోసా" అనే మాట మన దోసెలాగే వినిపిస్తుంది, అలా గుర్తుపెట్టుకోవచ్చు. పనిచేయడం అని అర్థం. "దోసా మికకునిన్" అంటే పనిచేస్తుందో లేదో చూడలేదు. "దోసా కకునిన్ జుమి" అంటే చూశారు, పనిచేస్తోంది. "ఓకేనా" అని అడగకుండా "దోసా కకునిన్ జుమి దెసు కా" అని అడగండి. వీలైతే మీ ముందే ఆన్ చేసి చూపించమనండి. చూపించనంటే ఇంకో షాపుకి వెళ్ళండి, అక్కడ షాపులకి కొదవ లేదు. మండరాకే అనే పాత సరుకుల షాపు ఒక్కటే 8 అంతస్తులుంది.

ఇంటికి తెచ్చాక ఇంకో ప్రమాదం. జపాన్ కరెంటు 100 వోల్టులు, మనది 230. పాత అడాప్టర్‌ని పిన్ను మార్చి మన ప్లగ్గులో పెట్టారంటే మాడిపోతుంది. స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి.

పిల్లలకి కొత్త కన్సోల్ కొనేవాళ్ళు ఇది తప్పక చదవండి. 2025 జూన్ 5న నింటెండో కన్సోల్ స్విచ్ 2 విడుదలైనప్పుడు జపాన్‌లో రెండు రకాలు వచ్చాయి. షాపుల్లో పెట్టింది 49,980 యెన్ల మోడల్. దాంట్లో సిస్టమ్ భాష జపనీస్ ఒక్కటే, జపాన్ రీజియన్ అకౌంట్ ఉంటేనే లింక్ అవుతుంది. అన్ని భాషలదీ 69,980, అది నింటెండో సొంత ఆన్‌లైన్ స్టోర్‌లో అమ్మారు. పాత స్విచ్‌కి ఈ గొడవ లేదు కాబట్టి, అదే నమ్మకంతో చవగ్గా ఉందని తెచ్చేస్తే ఇక్కడ పిల్లలు మెనూ కూడా చదవలేరు. సోనీ వాళ్ళ పీఎస్5 డిజిటల్‌లో కూడా 2025 నవంబర్‌లో జపనీస్ భాష మాత్రమే ఉండే మోడల్ 55,000 యెన్లకి వచ్చింది. పెట్టె మీద భాష గురించి ఏం రాసుందో అడిగి తెలుసుకున్నాకే కార్డు తీయండి.

ఆ ఫామికామ్ ఇప్పుడు నిషి-కసాయ్‌లో అక్క దగ్గరే ఉంది. పట్టాల కింద కొట్లలో రిపేరు చేసేవాళ్ళెవరైనా ఉన్నారేమో బావ వాకబు చేస్తున్నాడు. మీలో ఎవరైనా అక్కడ పాత నింటెండో మెషిన్ బాగుచేయించి ఉంటే ఎంత తీసుకున్నారో, ఎన్నాళ్ళు పట్టిందో చెప్పండి. అన్నయ్యకి ఇంకా ఈ విషయం చెప్పలేదు.