40 లీటర్లా, 100 లీటర్లా? నల్లగొండ ఎండల్లో రీఫ్ ట్యాంక్

తక్కువ ఖర్చులో రీఫ్ ట్యాంక్, అంటే పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియం పెట్టాలనుకునేవాళ్లు ముందు 40 లీటర్ల బుల్లి ట్యాంక్ వైపే చూస్తారు. గ్లాసు చౌక, లైటు ఒక్కటి చాలు. లీటరుకు సుమారు 35 గ్రాముల మెరైన్ సాల్ట్ లెక్కన దీనికి 1.4 కిలోలు సరిపోతుంది, 100 లీటర్లకైతే 3.5 కిలోలు కావాలి. లెక్క చూస్తే చిన్నదే లాభం. అయినా నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు ఎవరడిగినా నేను 100 లీటర్లదే పెట్టమంటాను. సెకండ్ హ్యాండ్‌దైనా ఫర్వాలేదు.

అసలు సమస్య ఎండ. పగడాలకు 25, 26 డిగ్రీల నీళ్లు కావాలి. 30 దాటి అలాగే ఉంటే తమలోని నాచును వదిలేసి తెల్లబడిపోతాయి. నీళ్లను చల్లబరిచే చిల్లర్ కొందామంటే దాని ధర ట్యాంక్ ధరను మించుతుంది. ఇక మిగిలింది నీటి మీదికి గాలి కొట్టే చిన్న ఫ్యాన్. మన పొడి ఎండల్లో అది రెండు మూడు డిగ్రీలు దించగలదు. కానీ నీళ్లు ఆవిరై పోతాయి, ఉప్పు మాత్రం లోపలే ఉంటుంది. 40 లీటర్లలో 2 లీటర్లు తగ్గితే ఉప్పు లీటరుకు 35 గ్రాముల నుంచి దాదాపు 37కు చేరుతుంది. 100 లీటర్లలో 3 లీటర్లు పోయినా 36 దగ్గరే ఆగుతుంది. ఒకరోజు ఊరెళ్లి వచ్చినా టెన్షన్ ఉండదు. తగ్గిన మేరకు మంచినీళ్లే పోయాలి, ఉప్పునీళ్లు కాదు.

ఆ మంచినీళ్లు ఎక్కడివి? బోరు నీళ్లు వద్దే వద్దు. మన జిల్లా ఫ్లోరైడ్ సంగతి అందరికీ తెలిసిందే, అందులో కరిగిన లవణాలూ ఎక్కువే. మిషన్ భగీరథ నల్లా నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. వాటర్ ప్లాంట్ 20 లీటర్ల క్యాన్ తెచ్చి కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటర్‌తో చూసుకుని, మిగిలిన లవణాలను లాగేసే చిన్న డీఐ రెజిన్ కాట్రిడ్జ్ గుండా పంపి టీడీఎస్‌ను సున్నాకు తేవడం మనకు చౌకైన దారి. ఇంట్లో ఆర్‌ఓ ఉన్నా ఈ రెజిన్ కావాల్సిందే. సూర్యలంక నుంచి సముద్రపు నీళ్లు తెద్దామనే ఆలోచన మాత్రం మానుకోండి. ఒడ్డు నీళ్లలో బురద, మురికి ఉంటాయి, దారి ఖర్చుకు సాల్ట్ బకెట్టే వస్తుంది.

పగడాల్లో గట్టివా, మెత్తవా అనే ప్రశ్నకు చట్టమే సగం జవాబు చెప్పేసింది. రీఫ్‌ను కట్టే గట్టి పగడాలన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో, అంటే గట్టి రక్షణ ఉన్న జీవుల జాబితాలో ఉన్నాయి. మన సముద్రం నుంచి తీసిన లైవ్ రాక్ (సూక్ష్మజీవులు పట్టిన పగడపు రాయి) కూడా కొనకండి, అదీ పగడమే. సిరామిక్ రాయి, మెత్తటి రకాలైన జోయాంథిడ్లు, మష్రూమ్ కోరల్స్ తీసుకోండి. వీటికి ఖరీదైన లైట్లూ అక్కర్లేదు. చేపల్లో హేచరీలో పుట్టిన క్లౌన్ ఫిష్ జంట మేలు. వాటి పిల్లలను పెంచే పద్ధతిని కొచ్చిలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ ఎప్పుడో అభివృద్ధి చేసింది. సముద్రంలో పట్టి తెచ్చినవాటికంటే ఇవి మేతకు త్వరగా అలవాటు పడతాయి.

నీళ్లలోని మురికిని నురగగా తీసేసే స్కిమ్మర్‌కు డబ్బు పెట్టొద్దు. రెండు చేపలకు వారానికి 10 లీటర్ల నీళ్లు మారిస్తే చాలు. ఆ డబ్బుతో నీళ్లను కదిలించే వేవ్‌మేకర్, కరెంటు పోయినప్పుడు నడిచే బ్యాటరీ ఎయిర్ పంపు కొనండి.

చోటు లేక 40 లీటర్లతోనే మొదలుపెట్టక తప్పదంటే వానాకాలంలో మొదలుపెట్టండి. కొత్త ట్యాంక్‌లో చేపలకు విషమైన అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు రావడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆ తర్వాత రెండు మూడు మష్రూమ్‌లు, ఒక చిన్న గోబీ చేప. వచ్చే ఎండాకాలం దాటేదాకా ఇంకేమీ చేర్చకండి.