సీజనింగ్ చేసిన అప్పచట్టి అని కొంటున్నారా? ఆ నలుపేంటో ముందు చూసుకోండి

ఆన్‌లైన్‌లో పోత ఇనుము అప్పచట్టి కొనబోతున్నవాళ్లు ఒక్క నిమిషం ఆగండి. పోయిన నెల 1,150 రూపాయలు పెట్టి ఒకటి తెప్పించాను. "నూనెతో సీజనింగ్ చేసే పంపుతాం, కడిగి వాడుకోవడమే" అని రాశారు. సీజనింగ్ అంటే ఇనుముకి నూనె రాసి కాల్చి, గట్టి నల్ల పూత పట్టించడం. తీరా చూస్తే ఆ నలుపు నూనెది కాదు, పెయింటుది.

అప్పం అంటే ఆంజనేయస్వామికి దండ వేసే అప్పాలు కావు, కేరళ పాలప్పం. కొచ్చిలో ఉన్న రెండేళ్లలో పక్కింటి చేచి (మలయాళంలో అక్క) దగ్గర నేర్చుకున్నాను. రెండు కప్పుల పచ్చి బియ్యం ఐదు గంటలు నానబెట్టి, కప్పు కొబ్బరి కోరు, గుప్పెడు అన్నం కలిపి మెత్తగా రుబ్బాలి. అందులోంచి రెండు గరిటెలు తీసి, నీళ్లు పోసి గంజిలా కాచి, చల్లారాక మళ్లీ పిండిలో కలిపేయాలి. పులవడానికి అక్కడ కల్లు పోసేవాళ్లున్నారు, నేను చిటికెడు ఈస్ట్ వేస్తాను. రాత్రి కలిపిపెడితే పొద్దున్నకి పొంగి ఉంటుంది. గరిటెడు పోసి, చట్టిని రెండు చెవులూ పట్టుకుని గుండ్రంగా తిప్పితే అంచులు జాలీలా, నడుమ దూదిలా వస్తుంది. తిరగేసేది ఉండదు కనుక మూత తప్పనిసరి.

ఫొటోలో మూత ఉంది, డబ్బాలో లేదు. పోనీలే అని ఇంట్లో ఉన్న పళ్లెం బోర్లించాను.

మొదటి రోజు చట్టి వేడెక్కగానే కొత్త గేటుకి రంగేసినప్పటి వాసన. కొత్తది కదా అనుకున్నాను. అప్పం అడుగంటింది, గీరితే ముక్కలైంది, కింద బూడిద రంగు. నా తెలివి చూడండి, పిండినే అనుమానించాను! పులుపు చాల్లేదేమో, ఈస్ట్ పాతదేమో అని నాలుగు రోజులు రకరకాలుగా కలిపాను. ఒకరోజు గిన్నెడు పిండి పారబోశాను కూడా. చివరికి అదే పిండి పాత నాన్‌స్టిక్ చట్టిలో పోస్తే చక్కగా జాలీ వచ్చింది.

అప్పుడు మా అత్తయ్య చట్టిని గోటితో గీకి, "ఇది నూనె పట్టిన నలుపు కాదమ్మా, రంగు. పెచ్చులు లేస్తోంది చూడు" అన్నారు. నిజమే. కింద తెల్లటి ఇనుము బయటపడింది.

అమ్మినవాళ్లని అడిగితే, "అది సీజనింగే మేడమ్, రెండు మూడుసార్లు కడిగితే పోతుంది" అన్నారు. పోయేదాన్ని సీజనింగ్ అని ఎలా అంటారో వాళ్లకే తెలియాలి. వాపసు అడిగితే, వాడిన వస్తువు వెనక్కి తీసుకోం అన్నారు. ఈ మాటలు నడుస్తుండగానే ఏడు రోజుల గడువూ అయిపోయింది.

అయస్కాంతం అంటుకుంటే అసలుదే అని కొందరు చెబుతారు. నాది టక్కున అంటుకుంది. దాంతో తేలేది ఇనుమని మాత్రమే, పైపూత సంగతి తేలదు. అందుకని చట్టి రాగానే, పిండి పోయకముందే, అడుగు వైపు ఒక మూల గోళ్లరంగు తుడిచే ద్రవం దూదికి అద్ది గట్టిగా రుద్దండి. కాలి గట్టిపడిన నూనె పూత దానికి సాధారణంగా కరగదు, చాలా పెయింట్లు కరిగి దూదికి అంటుతాయి. ఆ తర్వాత సబ్బుతో బాగా కడిగేయండి. గుడ్డతో తుడిస్తే కాస్త గోధుమ నలుపు అంటితే కంగారు పడక్కర్లేదు, అసలు సీజనింగ్‌కీ మొదట్లో అలా అంటుతుంది. పెచ్చులు లేచినా, ఖాళీగా వేడి చేస్తే రంగు వాసన వచ్చినా ఆ రోజే వాపసు పెట్టేయండి, నాలాగా నాలుగు రోజులు పిండితో కుస్తీ పట్టకుండా. డబ్బా విప్పేటప్పుడు వీడియో తీసుకోండి. నా దగ్గర అదే లేదు.

అసలు సీజనింగ్ లేని బోసి ఇనుప చట్టి కొనుక్కుని, నూనె రాసి కాల్చి, సగం ఉల్లిపాయతో రుద్దుకోవడమే మేలని ఇప్పుడు అనిపిస్తోంది. దోసె పెనానికి మనం చేసేదే కదా.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టాను. జవాబు వస్తే రాస్తాను. ఆ అమ్మకం పేజీ మాత్రం ఇవాళ పొద్దున కూడా అలాగే ఉంది, మూతతో సహా.